పల్నాటి ఎరుపు... ఏ ధర పలుకుతోంది?

కారానికి పల్నాడు పెట్టింది పేరు. ఇప్పుడు ఆ కాయలో కారం ఒక్కటే కాదు, ఎరుపూ అమ్ముడుపోతోంది. చిప్స్‌లోకీ సాసుల్లోకీ కోడిగుడ్డు సొనలోకీ మందుబిళ్లల్లోకీ వెళుతోంది. మరి ఆ ఎరుపుని పండించిన రైతుకి దక్కుతున్నదెంత?

ఇంట్లో పిల్లల కోసం కొన్న మసాలా చిప్స్ ప్యాకెట్ ఉంటే ఓసారి వెనక్కి తిప్పి చూడండి. చీమ తలకాయంత అక్షరాల్లో పదార్థాల జాబితా ఉంటుంది. అందులో 'పాప్రికా ఎక్స్‌ట్రాక్ట్' అనో, రంగు దగ్గర '160సి' అనో కనిపిస్తే... కంగారు పడక్కర్లేదు. అది రసాయనం పేరులా ఉన్నా, అసలు సంగతి మిరపకాయే. ఎండుమిర్చిని పిండి, అందులోని ఎరుపుని చిక్కటి నూనెలా తీసి, దానికి ప్రపంచమంతా ఒప్పుకున్న ఓ నంబరు ఇచ్చారు. అంతే!

ఆ కాయ ఏ ఊళ్లో కాసిందో మాత్రం ప్యాకెట్ చెప్పదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా గురజాల, కారంపూడి, దుర్గి, రెంటచింతల దారుల్లో బస్సులో వెళ్లినవాళ్లకి ఆ ప్రశ్న కచ్చితంగా గుర్తొస్తుంది. రోడ్డుకి రెండువైపులా కల్లాలు. ఎవరో ఎర్రచీరలు పరిచి మరిచిపోయినట్టు ఎటు చూసినా మిరపకాయలే. బస్సు కిటికీ తీస్తే తుమ్ములు. పక్క సీట్లో పెద్దాయన మాత్రం నిశ్చింతగా నిద్రపోతుంటాడు. అలవాటు మరి.

శ్రీనాథుడు తినని కారం

పల్నాడంటే కారం అని మనం అనుకుంటాం కానీ ఈ బంధం మరీ పాతదేం కాదు. పదిహేనో శతాబ్దంలో శ్రీనాథుడు ఈ సీమకొచ్చి, సన్నబియ్యం దొరక్క జొన్నకూటితో నానా తంటాలు పడ్డాడని ఆయన పేరున చాటువులు చెప్పుకుంటారు. కవిసార్వభౌముడు ఇక్కడి తిండినీ నీళ్లనీ ఎంత విసుక్కున్నా, కారాన్ని విసుక్కునే అవకాశం మాత్రం ఆయనకి లేదు. అప్పటికి మన దేశంలో మిరప లేదు. అది పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చింది. అంతకు మూడొందల ఏళ్లకు పైగా ముందు, పన్నెండో శతాబ్దంలో, బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి పెట్టించిన చాపకూడులోనూ మిరపకాయ లేదు. ఘాటు కావాలంటే మిరియాలే.

నల్లరేగడి ఉంది, ఎండ ఉంది. లేనిదల్లా నీరు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకి నీళ్లొదిలారు. కుడి కాలువ మాచర్ల పక్క నుంచి పల్నాడులోకి దిగింది. ఆ తరవాత సంగతి అందరికీ తెలిసిందే. జొన్నచేల స్థానంలో పత్తీ మిరపా వచ్చాయి. వేసవి వచ్చిందంటే ఉష్ణోగ్రతల వార్తల్లో తప్పకుండా కనిపించే రెంటచింతల ఎండ, ఎండుమిర్చికి అచ్చొచ్చింది. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది కాబట్టి ఇవన్నీ ఇప్పుడు ఆ జిల్లా లెక్క. కానీ మార్కెట్లో మాత్రం సరుకు పేరు ఇప్పటికీ 'గుంటూరు మిర్చే'.

కాయ ఒకటే... సరుకులు రెండు

వంటింట్లో మనకి మిరపకాయ ఒకే వస్తువు. కంపెనీలకి అలా కాదు. అందులో వాళ్లకి రెండు వేర్వేరు సరుకులు కనిపిస్తాయి.

మొదటిది కారం. దాని అసలు పేరు క్యాప్సైసిన్. చాలామంది అనుకుంటున్నట్టు అది గింజల్లో తయారవదు. గింజల్ని పట్టుకుని ఉండే తెల్లటి ఈనెలో పుడుతుంది. గింజకి అంటుకున్న కారం ఆ ఈనెదే. రెండోది రంగు. అది కాయ తోలులో ఉంటుంది. క్యారెట్‌కి రంగునిచ్చే కెరొటినాయిడ్ల కుటుంబానికే చెందిన క్యాప్సాంథిన్ ఇక్కడ ముఖ్యమైనది. కాయ చెట్టు మీద ఎంత బాగా పండితే రంగు అంత చిక్కగా పడుతుంది.

రెండూ ఒకే కాయలో దండిగా ఉండటం అరుదు. అందుకే రకాల వేట. 'తేజ' కాయ సన్నం, ఘాటు మాత్రం గట్టిది. క్యాప్సైసిన్ తీసేవాళ్లు దానికోసం ఎగబడతారు. చైనా వ్యాపారులు ఏటా గుంటూరులో తేజ కోసమే ప్రధానంగా కొనుగోళ్లు జరుపుతారు. రంగు కావాలంటే కర్ణాటకలోని హావేరి జిల్లా బ్యాడగికి పేరు. ముడతలు పడిన ఆ కాయకి కారం నామమాత్రం, ఎరుపు మాత్రం కళ్లు చెదిరేంత. రంగుని 'ఆస్టా' అనే కొలతలో చెబుతారు. స్పైసెస్ బోర్డు లెక్కల్లో మన గుంటూరు సన్నానికి ఆ అంకె సుమారు 32 అయితే, బ్యాడగికి 150కి పైనే. ఆ తేడా చూశాకే విత్తన కంపెనీలు బ్యాడగి రంగూ గుంటూరు దిగుబడీ కలిసేలా 5531, 2043 లాంటి హైబ్రిడ్లు దించాయి. పల్నాడు రైతులు వాటిని 'బ్యాడిగి' అనే పిలుస్తారు. ఊరుపేరు కాస్తా విత్తనం పేరైపోయింది!

కారాన్ని కొలిచే పద్ధతికీ ఓ కథ ఉంది. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికన్ ఫార్మసిస్టు మిరప సారాన్ని పంచదార నీళ్లలో పలచన చేస్తూ, మనుషులకి రుచి చూపిస్తూ, ఎన్ని రెట్లు పలచన చేశాక మంట తెలియకుండా పోతుందో లెక్కగట్టాడు. పాపం ఆ నాలుకలు! ఇప్పుడా పని యంత్రాలు చేస్తున్నాయి. అయినా స్కోవిల్ పేరే నిలిచింది.

నూరు కిలోలు... పది కిలోలు

కాయలోంచి సారం తీయడం వినడానికి తేలికే. తొడిమలు తీసి, పొడికొట్టి, గుళికల్లా నొక్కి, పెద్ద స్టీలు పాత్రల్లో పోసి హెక్సేన్ లాంటి ద్రావకాన్ని పారిస్తారు. ద్రావకం పొడిలోని నూనెనీ రంగునీ కారాన్నీ కరిగించుకుని కిందికి దిగుతుంది. దాన్ని వేడిచేసి ద్రావకాన్ని ఆవిరిగా వెనక్కి తీసుకుంటే మిగిలేది ముదురెరుపు జిగట ద్రవం. ఒలియోరెసిన్ అంటే అదే. రకాన్ని బట్టి నూరు కిలోల కాయకి పది కిలోలు అటూ ఇటూగా వస్తుంది. తరవాత అందులోంచి కారాన్నీ రంగునీ విడదీస్తారు. రంగు నూనెని 'నలభై వేల యూనిట్లు', 'లక్ష యూనిట్లు' అని బలాన్ని బట్టి అమ్ముతారు. డ్రమ్ములో చేతి వేలు ముంచితే రెండ్రోజులు పోదు.

ఈ పరిశ్రమ పుట్టి పెరిగింది కేరళలో. 1972లో కొలెంచేరి దగ్గర మొదలైన సింథైట్ లాంటి కంపెనీలు మిరియం, అల్లం, పసుపుతోపాటు మన మిరపనీ పిండి ప్రపంచానికి పంపాయి. ఇంతకీ ఆ నూనె వెళ్లేదెక్కడికి? సాసేజిలకి ఎరుపు కావాలి. చీజ్‌కి నారింజ రంగు కావాలి. కోళ్ల దాణాలో కలిపితే గుడ్డు సొన ముదురు రంగులో ఉంటుంది. విదేశాల్లో లేత సొన ఉన్న గుడ్డుని కొనేవాళ్లు ముఖం చిట్లిస్తారట మరి! ఇక క్యాప్సైసిన్ నొప్పి నివారణ పూతల్లోకి వెళుతుంది. ఎనిమిది శాతం క్యాప్సైసిన్ ఉన్న పట్టీని నాడీ నొప్పికి వాడేందుకు అమెరికా 2009లో అనుమతించింది. బరువు తగ్గించే క్యాప్సూల్స్‌లోనూ ఇది కనిపిస్తోంది. వాటి డబ్బాల మీది మాటల్ని మాత్రం కాస్త తగ్గించుకుని చదవాలి. మిరపసారం మింగితే ఒళ్లు కరిగిపోయేటట్టయితే పల్నాడులో లావుపాటి మనిషి కనిపించకూడదు కదా. మన దగ్గర 2016లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇలాంటి పోషక ఉత్పత్తులకి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. కొనేముందు లైసెన్సు నంబరైనా చూడటం మంచిది.

మిరపకాయ నోబెల్ దాకా రెండుసార్లు వెళ్లొచ్చింది. హంగేరీ శాస్త్రవేత్త సెంట్ గ్యార్గీ పాప్రికా మిరపలోంచి పెద్దమొత్తంలో సి విటమిన్ తీశాడు. ఆ విటమిన్ మీద పరిశోధనలకే 1937లో నోబెల్ వచ్చింది. ఎండబెడితే అందులో చాలాభాగం పోతుంది, అది వేరే సంగతి. క్యాప్సైసిన్ సాయంతో మన నరాల్లో వేడినీ మంటనీ పసిగట్టే గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో ఇచ్చారు. మంట ఎలా పుడుతుందో ఆయన ప్రయోగశాలలో తేల్చారు. గుంటూరు గోదాముల్లో రోజంతా తొడిమలు తీసే ఆడవాళ్లకి అది అరచేతులకే తెలుసు. ఇంటికెళ్లి పసిబిడ్డని ఎత్తుకోవాలన్నా ఆలోచించాల్సిందే. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. అందుకే ఎంత కడిగినా మంట చల్లారదు. ముందు నూనె రాసుకుని తరవాత సబ్బుతో కడగాలి. నోరు మండినప్పుడు మంచినీళ్లకన్నా మజ్జిగే నయమని పెద్దవాళ్లు చెప్పేదీ ఉత్తమాట కాదు.

గిరాకీ పెరిగింది... ధర పడింది

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. కృత్రిమ రంగులంటే ప్రపంచానికి భయం పట్టుకుంది. కొన్ని కృత్రిమ రంగులు పిల్లల ప్రవర్తన మీద ప్రభావం చూపిస్తున్నాయని 2007లో బ్రిటన్‌లో ఓ పరిశోధన వచ్చాక, 2010 నుంచి ఐరోపాలో వాటి మీద హెచ్చరిక రాయాల్సి వస్తోంది. 2025 జనవరిలో అమెరికా ఆహారంలో 'రెడ్ నం.3'కి అనుమతి రద్దుచేసింది. ఏప్రిల్‌లో పెట్రోలియం నుంచి తీసే మిగతా రంగుల్నీ దశలవారీగా తప్పిస్తామని ప్రకటించింది. అంటే మొక్కల రంగులకి మంచిరోజులన్నమాట. మిరప ఎరుపుకీ అంతే.

సరిగ్గా ఆ రోజుల్లోనే గుంటూరు యార్డులో ఏం జరుగుతోంది? 2023లో క్వింటా ఇరవై వేలు దాటి పలికిన మిర్చి, 2025 ఫిబ్రవరి నాటికి దాదాపు సగానికి పడిపోయింది. ధర చూసి సాగు పెంచారు, కోల్డ్ స్టోరేజిల్లో పాత నిల్వలు ఉండిపోయాయి, ఎగుమతి మందగించింది. చివరికి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయల చొప్పున 2.91 లక్షల టన్నుల దాకా ఆదుకుంటామని ముందుకు రావాల్సొచ్చింది. అంతకు ముందు ఏడాది, 2024 మార్చిలో, బ్యాడగి మార్కెట్లోనూ ధర పడిపోయిందని రైతులు ఆగ్రహంతో వాహనాలు తగలబెట్టారు.

వస్తువుకి ప్రపంచంలో గిరాకీ పెరుగుతుంటే, దాన్ని పండించేచోట ధర ఎందుకు పడుతుంది? ఎందుకంటే రెండుచోట్లా అమ్ముతున్నది ఒకే వస్తువు కాదు. అక్కడ రంగు అమ్ముతున్నారు. ఇక్కడ బరువు అమ్ముతున్నారు.

గుంటూరు యార్డుకి టిక్కీలొస్తాయి. కొనేవాడు ఓ బస్తా విప్పించి చారెడు కాయలు తీస్తాడు. ఆడిస్తే గలగలమంటోందా, విరిస్తే లోపల తేమ ఉందా, తొడిమ దగ్గర బూజుందా, తాలు ఎంత కలిసింది... నిమిషంలో తేల్చేస్తాడు. ఆ చూపు తీసిపారేయాల్సింది కాదు. ఏళ్ల తరబడి కాయని చూసిన కన్ను అది. కానీ ఎంత గొప్ప కన్నైనా ఆస్టా అంకె చెప్పలేదు. అందుకే ఇక్కడ రకం పేరే ల్యాబు రిపోర్టు. తేజ అంటే ఒక ధర, బ్యాడిగి అంటే ఒక ధర, నాణ్యమైతే 'డీలక్స్' అని ఇంకాస్త. ఒకే విత్తనం రెండు పొలాల్లో వేస్తే, బాగా పండాక కోసి టార్పాలిన్ మీద జాగ్రత్తగా ఎండబెట్టిన కాయలో రంగు ఎక్కువుంటుంది. పచ్చిమీద తెంపి, కాలే నేలమీద పోసి, ఎండకి మాడ్చిన కాయలో తగ్గుతుంది. యార్డులో రెండిటికీ తేడా మహా అయితే కొద్దిగా. అదే కాయ కంపెనీ గేటు దాటాక మాత్రం ప్రతి అంకెకీ డబ్బే.

మరి రైతు రంగు కోసం ఎందుకు శ్రమపడాలి? ఈ ప్రశ్నకి యార్డు దగ్గర జవాబు లేదు.

నూనెలో దాగే విషం

రంగు కన్నా పెద్ద పరీక్ష ఇంకోటుంది. 2003లో ఫ్రాన్స్‌లో మన దేశం నుంచి వెళ్లిన మిరప సరుకులో సుడాన్ అనే బట్టల రంగు బయటపడింది. ఎరుపు తక్కువైన పొడికి ఎవరో వ్యాపారులు వేసిన మెరుగు అది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో కలుషితమైన కారంతో చేసిన ఒక సాసు కారణంగా వందల రకాల ఆహార ఉత్పత్తుల్ని దుకాణాల్లోంచి వెనక్కి తీయించారు. ఆ దెబ్బతో ఎగుమతయ్యే మిర్చికి పరీక్షలు తప్పనిసరయ్యాయి. స్పైసెస్ బోర్డు గుంటూరులోనే ల్యాబు పెట్టింది. ఎరుపు లేనిచోట ఎరుపు పూసిన పాపానికి, ఎరుపు పండించిన రైతు సరుకు కూడా బోనెక్కింది.

బూజు ఇంకో బెడద. తేమ ఉన్న కాయని కుప్పపోసినా, బరువు కోసమో కాయ విరక్కుండానో నీళ్లు చల్లినా అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. వండినా పోదు. ఐరోపా మొత్తం అఫ్లటాక్సిన్లు కిలోకి పది మైక్రోగ్రాములు దాటితే సరుకు తీసుకోదు.

ఇక పురుగుమందులు. నూనెలో కరిగే మందు అవశేషాలు ఉంటే, పది కిలోల కాయల్లోది కిలో నూనెలో పేరుకుంటుంది. కాయలో పరిమితికి లోబడి ఉన్నదే నూనెలో పరిమితి దాటిపోవచ్చు. పల్నాడుకి ఇది ఎంత ఇరకాటమో 2021 చివర్లో అర్థమైంది. నల్ల తామరపురుగు ఆ ఏడాది మిరపతోటల మీద పడింది. ఆగ్నేయాసియా నుంచొచ్చిన ఈ పురుగుని మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద గుర్తించారు. పూలలో చేరి పీల్చేయడంతో పూత రాలిపోయింది. కొన్న మందల్లా కొట్టారు, పురుగు లొంగలేదు. ఎకరాలకెకరాలు దున్నేసినవాళ్లున్నారు. ఆ స్థితిలో ఉన్న రైతుకి 'అవశేషాలు పెరుగుతాయి, మందు తగ్గించు' అని చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అయినా నీలిరంగు జిగురు అట్టలు, వేపనూనె, నత్రజని ఎరువు తగ్గించడం లాంటివి తెలుసుకుని తోట నిలబెట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

వంకాయలపాడు దగ్గర

చిలకలూరిపేట నుంచి గుంటూరు వెళ్లే హైవే మీద ఎడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ బోర్డు వారి సుగంధ ద్రవ్యాల పార్కు ఉంది. సుమారు 125 ఎకరాలు. 2022 నవంబరులో అక్కడ ఐటీసీ రెండొందల కోట్లతో కట్టిన శుద్ధి కర్మాగారం మొదలైంది. ఎగుమతి కంపెనీలు విత్తనం దగ్గర్నుంచి రైతుతో కలిసి నడిచి, ఏ మందు ఎప్పుడు కొట్టాలో చెప్పి, ఆ కాయని విడిగా కొనుక్కునే పద్ధతి ఈ ప్రాంతంలో కొన్నేళ్లుగా పెరుగుతోంది. వాళ్లకి కావాల్సింది జాడ దొరికే సరుకు. ఏ ఊరు, ఏ పొలం, ఏం కొట్టారు అన్నది రాసిపెట్టి ఉండాలి.

ఇది మంచిదే. కానీ కౌలురైతు సంగతేంటి? పల్నాడు మిరపలో కౌలు సాగు తక్కువేం కాదు. పెట్టుబడికి కమిషన్ వ్యాపారి దగ్గర అప్పు తెచ్చుకున్నవాడు కాయని ఆ కొట్టుకే తోలాలి. కంపెనీ రెండు రూపాయలు ఎక్కువిస్తానన్నా అతని కాళ్లకి ముందే బంధం ఉంది. మా దృష్టిలో రంగు ధర రైతుదాకా రాకపోవడానికి ల్యాబు లేకపోవడం సగం కారణమైతే, ఈ అప్పు మిగతా సగం. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు కల్లాలూ టార్పాలిన్లూ అప్పూ పరీక్షా ఒకేచోట ఇవ్వగలిగినచోట లెక్క మారే వీలుంది.

మొక్కల సారాల వ్యాపారం పల్నాడులో మిరపతోనే ఆగదు. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి దాటితే నల్లమల. అక్కడి చెంచులు తపసి చెట్టుకి గాటుపెట్టి తెచ్చే బంకకీ '416' అని ఓ ఆహార నంబరుంది. ఐస్‌క్రీములు చిక్కబడటానికీ కట్టుడుపళ్లు అంటుకోవడానికీ వాడతారు. లోతుగా గాట్లు పెడితే చెట్టు చస్తుంది. గిరిజన సహకార సంస్థ దాన్ని రంగుని బట్టి గ్రేడు చేసి కొంటుంది. తెల్లగా శుభ్రంగా ఉన్న బంకకి ఎక్కువ, మట్టీ బెరడూ కలిసిన నల్లబంకకి తక్కువ. చెంచు మనిషికి ఏ బంక తెస్తే ఎంతొస్తుందో ముందే తెలుసు. అదే ఏర్పాటు మిరప రైతుకి లేదు.

జూన్, జులై నెలల్లో నరసరావుపేట విత్తనాల దుకాణాల ముందు మోటారుసైకిళ్లు బారులు తీరతాయి. కొట్టు చెక్క మీద మోచేతులానించి రైతులు అడిగేది ఒకటే: ఈసారి తేజ వేయాలా, బ్యాడిగి వేయాలా, అసలు మిరప మానేసి పత్తికి పోవాలా? కాయ పొడుగెంత, ఎకరాకి ఎన్ని క్వింటాళ్లు, పోయినేడు యార్డులో ఎంత పలికింది... ఇవే లెక్కలు. దుకాణదారు ప్యాకెట్లు బల్ల మీద పరుస్తాడు. ఒక్కోదాని మీదా నిగనిగలాడే ఎర్రటి కాయ బొమ్మ.